గోరంత గ్రామర్ మార్పు, కొండంత డిఫ్: జనరేటెడ్ పార్సర్ కోడ్ రివ్యూపై తరచుగా అడిగే ప్రశ్నలు

మా టీమ్‌లోకి కొత్తగా వచ్చినవాళ్లు ఎవరైనా మొదటి నెలలోనే ఈ డౌట్లు అడుగుతారు. పాతవాళ్లు ఆర్నెల్లకోసారి మర్చిపోయి మళ్లీ అడుగుతారు. చాట్‌లో ఒకే జవాబు పదిసార్లు టైప్ చేసి విసుగొచ్చి ఇక్కడ రాసి పెడుతున్నా. ఒక భాష నియమాలు (రూల్స్) రాసిన గ్రామర్ ఫైల్ ఇస్తే, ఆ భాషలోని టెక్స్ట్‌ని విడదీసి చదివే పార్సర్ కోడ్‌ని బైసన్ లాంటి టూల్ తనే రాసి (జనరేట్ చేసి) ఇస్తుంది. గ్రామర్ మారినప్పుడు ఆ కోడ్ డిఫ్‌ని, అంటే పాతదానికీ కొత్తదానికీ ఉన్న తేడాని, ఎలా రివ్యూ చేయాలన్నదే ఇక్కడి విషయం. ఉదాహరణలు ఎక్కువగా బైసన్‌వే, ఎందుకంటే నా చేతులు కాలింది దాంతోనే. అలాంటి టూల్సే అయిన యాంట్లర్, ట్రీ-సిట్టర్, పైథాన్ వాడే పెజెన్ కూడా అక్కడక్కడా వస్తాయి. ఏ ప్రశ్న మీదైతే నేరుగా దానికి వెళ్లిపోండి, వరసగా చదవాల్సిన పని లేదు.

## డిఫ్ తెరిచి బిత్తరపోయినప్పుడు

గ్రామర్‌లో రెండు లైన్లు మారిస్తే పార్సర్ ఫైల్లో నాలుగు వేల లైన్లు ఎందుకు మారాయి?

బైసన్ మీ రూల్స్‌కి ఫైల్లో ఉన్న వరసలో నంబర్లు ఇస్తుంది. మధ్యలో ఒక రూల్ దూర్చారంటే దాని కింద ఉన్న ప్రతి రూల్ నంబరూ ఒకటి జరుగుతుంది, కాబట్టి యాక్షన్లు (రూల్ కుదిరినప్పుడు నడిచే కోడ్) ఉండే పెద్ద స్విచ్‌లో కేస్ 47 కాస్తా కేస్ 48 అవుతుంది, ఆ కింద అన్నీ అంతే. స్టేట్‌ల (చదవడంలో పార్సర్ ఎక్కడుందో చెప్పే దశల) సంగతీ ఇదే, మొదటి స్టేట్ నుంచి కనిపెట్టుకుంటూ పోయే క్రమంలో వాటికి నంబర్లు పడతాయి. ఈ నంబర్లన్నీ కలిపి చోటు మిగిలేలా ఇరికించి కొన్ని టేబుల్స్‌గా రాస్తుంది. బస్సులో ఒకడు సీటు మారితే వెనకాల అందరూ జరిగినట్టు, ఆ ఇరికింపులో ఒక్క అంకె మారినా మిగతావి వేరే చోట్లకి సర్దుకుంటాయి. కాబట్టి నాలుగు వేల లైన్ల డిఫ్ అనేది దానంతట అది అనుమానించాల్సిన విషయం కాదు. నాకైతే రూల్ కలిపినా టేబుల్స్ కదలకపోతేనే అనుమానం వస్తుంది, అంటే జనరేట్ చేయడం మర్చిపోయారన్నమాట.

ఇదంతా కూర్చుని చదవాలా?

వద్దు. అంకెల టేబుల్‌ని కళ్లతో చూసి తప్పు పట్టుకున్న మనిషిని నేను ఇంతవరకూ చూడలేదు. మీరు చదవాల్సింది గ్రామర్ ఫైల్. జనరేటెడ్ ఫైల్ విషయంలో మీ పని ఒక్కటే: ఈ గ్రామర్ నుంచి, ఈ టూల్ వెర్షన్‌తో, సరిగ్గా ఈ ఫైలే వస్తుందా లేదా అని మీ మెషీన్‌లో తేల్చుకోవడం. బైట్ తేడా లేకుండా వచ్చిందంటే ఆ నాలుగు వేల లైన్ల మీద ఇంక మాట్లాడాల్సింది లేదు. రాలేదంటే ఆ మిగిలిన తేడా ఉంది చూడండి, అదే అసలు రివ్యూ. అది మాత్రం ప్రతి అక్షరం చదవాలి.

గ్రామర్ ఫైల్ అసలు ముట్టుకోలేదు, అయినా పార్సర్ మారింది. ఎలా?

ఎక్కువసార్లు కారణం టూల్ వెర్షన్. పంపినవాళ్ల ల్యాప్‌టాప్‌లో వేరే బైసన్ ఉంటే టేబుల్స్ ఒకేలా ఉన్నా, వాటి చుట్టూ చట్రంలా ఉండే స్కెలిటన్ కోడ్, లైసెన్స్ కామెంట్, కాపీరైట్ సంవత్సరాలు, మాక్రో పేర్లు మారిపోతాయి. రెండో కారణం కాస్త ఇబ్బందికరమైనది: ఎప్పుడో ఎవరో గ్రామర్ మార్చి జనరేట్ చేయకుండా కమిట్ చేశారు, ఆ పాత బాకీ ఇవాళ ఈ అమాయకుడి కమిట్‌లో బయటపడింది. దీన్ని తేల్చడానికి మెయిన్ బ్రాంచ్‌ని ఏ మార్పూ లేకుండా తీసుకుని ఒకసారి జనరేట్ చేసి చూడండి, అక్కడే డిఫ్ వస్తే తప్పు ఈ కమిట్‌ది కాదు.

ట్రీ-సిట్టర్‌లో ఇంకో మెలిక ఉంది. అక్కడ గ్రామర్ అనేది జావాస్క్రిప్ట్ ప్రోగ్రామ్, అది వేరే గ్రామర్‌ని తెచ్చుకుని దాని మీద కట్టుకోవచ్చు. సీ ప్లస్ ప్లస్ గ్రామర్ సీ గ్రామర్ మీద, టైప్‌స్క్రిప్ట్ గ్రామర్ జావాస్క్రిప్ట్ గ్రామర్ మీద ఉన్నట్టు. కింద ఉన్న ఆ ప్యాకేజీ వెర్షన్ మారితే మీ గ్రామర్ ఫైల్లో చుక్క కూడా కదలకుండానే పార్సర్ మారిపోతుంది. అలాంటప్పుడు ప్యాకేజీ వెర్షన్లు రాసి ఉండే లాక్ ఫైల్ చూడండి, జవాబు అక్కడే ఉంటుంది.

నేను కలిపింది ఒక్క కామెంట్ లైనే, దానికి కూడా ఇంత డిఫ్ ఏంటి?

జనరేటెడ్ కోడ్‌లో గ్రామర్ ఫైల్ లైన్ నంబర్లు రెండు చోట్ల ఉంటాయి. ఒకటి లైన్ డైరెక్టివ్‌లు, కంపైలర్ ఎర్రర్ వచ్చినా డీబగ్గర్ ఆగినా అసలు గ్రామర్ ఫైల్లోని లైన్ చూపించడానికి. రెండోది డీబగ్ కోసం ఉంచే వైవైఆర్‌లైన్ అనే టేబుల్, ఏ రూల్ ఏ లైన్‌లో రాశారో చెబుతుంది. పైన ఒక లైన్ కలిపితే కింద ఉన్నవన్నీ ఒకటి పెరుగుతాయి. భయపడాల్సింది ఏమీ లేదు.

మా మ్యాక్‌లో జనరేట్ చేస్తే ఫైల్ మొత్తం మారిపోతోంది, ఎందుకు?

మ్యాక్‌తో పాటు వచ్చే బైసన్ 2.3, చాలా పాతది. మీ టీమ్‌లో మిగతావాళ్లు లినక్స్‌లో 3.8.2 వాడుతుంటే రెండింటి అవుట్‌పుట్‌కీ పోలికే ఉండదు. హోమ్‌బ్రూతో కొత్తది వేసుకున్నా సిస్టమ్‌లో ఉన్న పాతదే ముందు దొరుకుతుంది, పాత్ సర్దుకోవాలి. గ్రామర్ ఫైల్ పైన రిక్వైర్ డైరెక్టివ్‌తో కనీస వెర్షన్ రాసిపెడితే పాత బైసన్ మొరాయించి ఆగిపోతుంది, ఈ గొడవ మొదట్లోనే తెగుతుంది.

## మళ్లీ జనరేట్ చేసి పోల్చేటప్పుడు

పంపినవాళ్లు ఏ వెర్షన్ వాడారో నాకెలా తెలుస్తుంది?

ఫైల్ తల చూడండి. బైసన్ మొదటి కామెంట్‌లోనే తన వెర్షన్ రాస్తుంది, కింద ఒక మాక్రోలో కూడా ఉంటుంది. యాంట్లర్ కూడా మొదటి లైన్లోనే ఏ గ్రామర్ ఫైల్ నుంచి, ఏ వెర్షన్‌తో అని చెబుతుంది. తలలో ఒక వెర్షన్, మాక్రోలో ఇంకో వెర్షన్ కనబడితే ఎవరో మెర్జ్‌లో రెండు ఫైళ్లని అతికించారని అర్థం.

అదే వెర్షన్‌తో చేశాను, అయినా లైన్ డైరెక్టివ్‌లన్నీ తేడాగా ఉన్నాయే?

మీరు కమాండ్ ఏ ఫోల్డర్‌లో నిలబడి కొట్టారన్నది తేడా. ప్రాజెక్ట్ రూట్ నుంచి కొడితే డైరెక్టివ్‌లలో సోర్స్ ఫోల్డర్ పేరుతో సహా పాత్ పడుతుంది, ఆ ఫోల్డర్ లోపలికెళ్లి కొడితే ఫైల్ పేరు మాత్రమే. యాంట్లర్‌లో ఒక్కోసారి హెడర్‌లో హోమ్ డైరెక్టరీతో సహా పూర్తి పాత్ పడి, జనరేట్ చేసినవాళ్ల యూజర్ నేమ్ ఊరందరికీ తెలుస్తుంది. అందుకే చేత్తో కమాండ్ కొట్టకండి, మేక్‌ఫైల్‌లో ఒక టార్గెట్ పెట్టి అందరూ అదే వాడాలి. విండోస్ వాళ్లుంటే లైన్ చివర అక్షరాల తేడా కూడా తోడవుతుంది, గిట్ ఆట్రిబ్యూట్స్‌లో ఆ ఫైల్‌కి ఒకే రకం లైన్ ఎండింగ్ అని ఖాయం చేసేయండి.

లైన్ డైరెక్టివ్‌లు పూర్తిగా ఆపేస్తే పీడా పోతుంది కదా?

పోతుంది, బైసన్‌లో దానికి ఆప్షన్ ఉంది. కానీ అప్పుడు కంపైలర్ ఎర్రర్లు జనరేటెడ్ ఫైల్ లైన్‌కి పోతాయి, డీబగ్గర్ కూడా అక్కడే ఆగుతుంది, కొత్తవాళ్లు అక్కడే సరిచేసేసి కమిట్ చేస్తారు. డిఫ్ చిన్నదవ్వాలని డీబగ్గింగ్ పాడు చేసుకోవడం నాకు నచ్చదు.

ఒకే మెషీన్‌లో రెండుసార్లు జనరేట్ చేస్తే రెండు రకాలుగా వస్తోంది, ఇదేం చోద్యం?

బైసన్‌తో నాకు ఇలా ఎప్పుడూ కాలేదు. సాధారణంగా ఇది ఇంట్లో రాసుకున్న జనరేటర్ల జబ్బు. పైథాన్‌లో రాసిన జనరేటర్ స్ట్రింగ్‌ల సెట్ మీద లూప్ తిప్పితే ప్రతి రన్‌లో వరస మారుతుంది, ఎందుకంటే 3.3 నుంచి హ్యాష్‌ని కావాలనే కలగాపులగం చేస్తారు. డిక్షనరీలు 3.7 నుంచి పెట్టిన వరసలోనే వస్తాయి గానీ సెట్‌లకి ఆ హామీ లేదు. గో భాషలో మ్యాప్ మీద లూప్ వరస కూడా అంతే, కావాలనే మారుస్తుంది. రాసే ముందు సార్ట్ చేయడమే మందు. ఇంకో పాత జబ్బు టైమ్‌స్టాంప్: జావా వైపు ఇలాంటి టూల్స్ కప్ గానీ పాత జేఫ్లెక్స్ గానీ హెడర్‌లో జనరేట్ చేసిన తేదీ రాసేవి, ఆ ఒక్క లైన్ వల్ల ప్రతి కమిట్‌లోనూ ఫైల్ మారినట్టే కనిపించేది.

అన్నీ సరిచూశాను, ఇంకా పన్నెండు లైన్ల తేడా మిగిలింది. వదిలేయచ్చా?

వదలకండి. మిగిలిన ఆ పన్నెండు లైన్లూ ఎవరో చేత్తో రాసినవి అయ్యుంటాయి.

నేను ఇదివరకు పనిచేసిన ఒక కంపెనీలో జరిగింది చెప్తా. బైసన్ పార్సర్ స్టాక్ మొదట 200 లోతుతో మొదలై మామూలుగా 10000 వరకూ పెరుగుతుంది, అది దాటితే మెమరీ అయిపోయిందని ఎర్రర్ ఇచ్చి ఊరుకుంటుంది. ఎవరో పుణ్యాత్ముడు ఒక కస్టమర్ ఫైల్ కోసం ఆ 10000ని తిన్నగా జనరేటెడ్ ఫైల్లోనే 100000 చేసి కమిట్ చేశాడు, కమిట్ మెసేజ్‌లో ‘ఫిక్స్’ అని ఒకే ముక్క. ఏడాది తర్వాత నేను గ్రామర్‌లో ఒక కీవర్డ్ కలిపి జనరేట్ చేశా. రెండున్నర వేల లైన్ల డిఫ్‌లో ఆ ఒక్క లైన్ వెనక్కి పోయిన సంగతి నేనూ చూడలేదు, రివ్యూ చేసిన అన్నా చూడలేదు. శుక్రవారం రాత్రి ఆ కస్టమర్ ఫైల్ మళ్లీ పగిలింది. టెన్షన్‌తో గ్రామర్ అంతా తవ్వాం, మా కొత్త కీవర్డ్ తప్పేమో అనుకుని. అసలు చేయాల్సిందల్లా ఆ పరిమితిని గ్రామర్ ఫైల్ పై భాగంలో ఉండే సీ కోడ్‌లో డిఫైన్ చేయడం. జనరేటెడ్ కోడ్ ఆ పేరు ముందే ఉందో లేదో చూసుకుని, లేకపోతేనే తన 10000 పెట్టుకుంటుంది.

కాబట్టి చేతి సవరణ దొరికితే దాన్ని చెరిపేయకుండా ముందు ఎందుకు రాశారో కనుక్కోండి, తర్వాత గ్రామర్‌లోకి మార్చండి.

## ప్రవర్తన మారిందా అని తేల్చుకునేటప్పుడు

టేబుల్స్ మారాయంటే పార్సర్ ఒప్పుకునే భాష మారినట్టేనా?

కాదు. నంబర్లు జరిగినంత మాత్రాన భాష మారదు. ముందుగా టేబుల్స్ పైన ఉండే లెక్కలు చూడండి: మొత్తం టోకెన్లు (కీవర్డ్, గుర్తు లాంటి విడి ముక్కలు), రూల్స్, స్టేట్‌లు ఎన్ని అని మాక్రోల్లో ఉంటాయి. రూల్ ఒకటి కలిపితే రూల్స్ ఒకటి పెరగాలి, స్టేట్‌లు కాసిన్ని పెరగాలి. ఒక చిన్న రూల్‌కి స్టేట్‌లు మూడొందలు పెరిగాయంటే ఆగండి, ఆ రూల్ గ్రామర్‌లో చాలా చోట్ల దూరిందని అర్థం. అయితే లెక్కలు సరిపోయినంత మాత్రాన అంతా క్షేమం అనుకోవద్దు, రుజువు దొరికేది బైసన్ వెర్బోస్ రిపోర్ట్‌లోనే. పాత గ్రామర్ రిపోర్ట్, కొత్త గ్రామర్ రిపోర్ట్ పక్కపక్కన పెట్టి చూస్తే టేబుల్‌లో అంకెలుగా ఉన్నది మనుషుల భాషలో కనిపిస్తుంది.

కాన్‌ఫ్లిక్ట్‌ల సంఖ్య మారలేదు కాబట్టి సేఫే కదా?

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు, నేనూ పడ్డా. కాన్‌ఫ్లిక్ట్ అంటే ఒకే చోట పార్సర్‌కి రెండు దారులు కనబడడం. షిఫ్ట్ అంటే తర్వాతి టోకెన్ తీసుకోవడం, రెడ్యూస్ అంటే ఇంతవరకు చదివినదాన్ని ఒక రూల్‌గా ముగించడం. గ్రామర్‌లో ఎక్స్‌పెక్ట్ అని రాసి షిఫ్ట్-రెడ్యూస్ కాన్‌ఫ్లిక్ట్‌లు 3 అని చెబితే బైసన్ చూసేది ఆ 3 అనే లెక్క మాత్రమే. పాతది ఒకటి పోయి కొత్తది ఒకటి వచ్చినా లెక్క 3 గానే ఉంటుంది, నోరు మెదపదు. ఆ పాతది ఇఫ్-ఎల్స్ దగ్గర అందరికీ తెలిసిన అమాయకపు కాన్‌ఫ్లిక్ట్ కావచ్చు, కొత్తది మీ ఎక్స్‌ప్రెషన్ అర్థాన్నే తిప్పేసేది కావచ్చు. షిఫ్ట్-రెడ్యూస్ వస్తే బైసన్ షిఫ్ట్ వైపే మొగ్గుతుంది. రెడ్యూస్-రెడ్యూస్ వస్తే ఫైల్లో ముందున్న రూల్‌ని తీసుకుంటుంది, అంటే చదవడానికి బావుంటుందని రూల్స్ పైకీ కిందకీ జరిపినా ప్రవర్తన మారే ప్రమాదం ఉందన్నమాట. కాన్‌ఫ్లిక్ట్ ఏ స్టేట్‌లో, ఏ టోకెన్ దగ్గర అన్నది రిపోర్ట్‌లో చూడాలి. బైసన్ 3.7 నుంచి కౌంటర్ ఎగ్జాంపుల్స్ వార్నింగ్ ఆన్ చేస్తే ఏ ఇన్‌పుట్ రెండు రకాలుగా చదవచ్చో ఉదాహరణ రాసి మరీ చూపిస్తుంది. అది రాకముందు ఈ పని కాగితం మీద చేసేవాళ్లం, ఇప్పటి పిల్లలు అదృష్టవంతులు.

ప్రెసిడెన్స్ లైన్లు అటూ ఇటూ జరిపాడు, వార్నింగ్ ఏమీ రాలేదు. ఓకే చేయనా?

వార్నింగ్ రాదు, అసలు చిక్కు అదే. ఏ ఆపరేటర్ ముందో చెప్పడానికి లెఫ్ట్, రైట్ అని రాసే ఈ లైన్లు కాన్‌ఫ్లిక్ట్‌లని చడీచప్పుడు లేకుండా పరిష్కరించేస్తాయి, కింద ఉన్న లైన్‌కి బలం ఎక్కువ. రెండు లైన్లు తారుమారైతే గ్రామర్‌లో కనిపించే తేడా ఇంత, బయట లెక్కలు తప్పడం అంత. రిపోర్ట్‌లో ‘సాల్వ్‌డ్’ అనే భాగం అడిగి తెప్పించుకుంటే ప్రెసిడెన్స్ వల్ల తెగిన తగవులన్నీ వరసగా ఉంటాయి. దాని డిఫ్ చదివి గానీ ఓకే నొక్కకండి.

టోకెన్ నంబర్లు జరిగాయి, దీనివల్ల ఏమైనా పగులుతుందా?

లెక్సర్ (టెక్స్ట్‌ని టోకెన్లుగా కోసి ఇచ్చేది), పార్సర్ కలిసి బిల్డ్ అయితే ఏమీ కాదు. బైసన్‌లో పేరున్న టోకెన్లకి నంబర్లు మామూలుగా 258 నుంచి మొదలవుతాయి. మధ్యలో ఒకటి దూర్చితే తర్వాతవన్నీ జరుగుతాయి. ఆ హెడర్‌ని బయటి ప్లగిన్ ఏదైనా వాడుతుంటే, లేదా ఎవరైనా ఆ నంబర్లని ఫైల్లోనో కాష్‌లోనో దాచుకుంటే అప్పుడు పగులుతుంది, అదీ క్రాష్ అయి చావదు, ఒక టోకెన్‌ని ఇంకో టోకెన్ అనుకుని నడిచిపోతుంది. అలాంటి వాడకం ఉంటే కొత్త టోకెన్లు చివర కలపమనండి.

పైథాన్ లాంటి పెగ్ పార్సర్లలో కూడా ఇంతే గందరగోళమా?

అక్కడ కథ వేరు. సీపైథాన్ (మనం మామూలుగా వాడే పైథాన్) 3.9లో పెగ్ పార్సర్‌కి మారింది, పెజెన్ అనే టూల్ గ్రామర్ నుంచి సీ ఫంక్షన్లు రాస్తుంది. టేబుల్స్ ఉండవు, ప్రతి రూల్‌కీ ఒక ఫంక్షన్, డిఫ్ తీరిగ్గా చదవచ్చు కూడా. కానీ పెగ్‌లో కాన్‌ఫ్లిక్ట్ అనే మాటే లేదు, రాసిన వరసలో మొదట కుదిరిన ప్రత్యామ్నాయమే ఖాయం. చిన్న ప్రత్యామ్నాయం పైకి వస్తే కింద ఉన్న పెద్దదాన్ని మింగేయవచ్చు, ఏ టూలూ హెచ్చరించకపోవచ్చు. కాబట్టి పెగ్ గ్రామర్ రివ్యూలో వరస మారిందా అన్నదే మొదట చూస్తా.

టెస్టులన్నీ పచ్చగా ఉన్నాయి, చాలదా?

మీ టెస్టుల్లో ‘ఇది ఫెయిల్ అవ్వాలి’ అనే ఇన్‌పుట్‌లు ఎన్ని ఉన్నాయో చూసి చెప్పండి. పార్సర్ మార్పుల్లో ఎక్కువగా జరిగేది ఇంతకుముందు ఒప్పుకోనిదాన్ని ఇప్పుడు ఒప్పుకోవడం, దాన్ని పాసయ్యే టెస్టులు పట్టుకోలేవు. చేతిలో ఉన్న అసలు ఫైళ్లన్నింటినీ పాత బైనరీతో, కొత్త బైనరీతో పార్స్ చేసి ట్రీలని డంప్ చేసి పోల్చండి. అరగంట పని.

ఎర్రర్ మెసేజ్‌ల టెస్టులు మాత్రమే పగిలాయి, గ్రామర్ తప్పా?

అక్కర్లేదు. ఎల్ఏఎల్ఆర్ పార్సర్ (బైసన్ మామూలుగా తయారుచేసే రకం) తప్పు టోకెన్ చూశాక కూడా డిఫాల్ట్ రిడక్షన్లు కొన్ని చేసేసి తర్వాత ఆగుతుంది, కాబట్టి ‘ఇక్కడ ఫలానా టోకెన్లు రావచ్చు’ అనే జాబితా స్టేట్‌లతో పాటు మారుతుంటుంది. తప్పు అన్న తీర్పు మారకుండా మాట మాత్రమే మారితే టెస్టులో దాచిన పాత మెసేజ్‌ని (స్నాప్‌షాట్) అప్‌డేట్ చేసుకోండి.

## మనిషి మీదే అనుమానం వచ్చినప్పుడు

జనరేటెడ్ ఫైల్లో ఎవరైనా కావాలని ఏదైనా దాచగలరా?

దాచగలరు, ఎవరూ చదవని చోటు కంటే మంచి దాక్కునే చోటు ఏముంటుంది? 2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీర్ బయటపెట్టిన, ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ టూల్‌లోని బ్యాక్‌డోర్ (దొంగదారి) గుర్తుందా, సీవీఈ-2024-3094. అది పార్సర్ కాదు గానీ సూత్రం ఇదే. 5.6.0, 5.6.1 రిలీజ్ టార్‌బాల్స్‌లో (విడుదల చేసే సోర్స్ మూటల్లో) బిల్డ్‌కి సంబంధించిన ఒక ఎం4 ఫైల్ ఉంది, గిట్‌లో అది లేదు. టార్‌బాల్‌లో ఇలాంటి ఫైళ్లు ఉండడం మామూలే కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. అసలు సరుకేమో టెస్ట్ ఫైళ్ల రూపంలో గిట్‌లోనే దర్జాగా కూర్చుంది. ఆయన దాన్ని పట్టుకున్నది కోడ్ చదివి కాదు, ఎస్ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యం అవుతోందేంటని తవ్వి.

గిట్‌హబ్‌లో ఆ ఫైల్ డిఫ్ అసలు కనిపించడమే లేదు?

గిట్ ఆట్రిబ్యూట్స్‌లో జనరేటెడ్ అని గుర్తు పెట్టిన ఫైళ్లని గిట్‌హబ్ మడిచి చూపిస్తుంది. సౌకర్యమే, నేనూ వాడతా. కానీ అదే పుల్ రిక్వెస్ట్‌లో ఆ ఆట్రిబ్యూట్స్ ఫైల్ కూడా మారిందేమో చూసుకోండి, చేత్తో రాసిన ఫైల్ పొరపాటునో గ్రహపాటునో ఆ జాబితాలో చేరుతుంది. ట్రీ-సిట్టర్‌లో అయితే పార్సర్ ఫైల్ జనరేటెడ్, పక్కనే ఉండే స్కానర్ ఫైల్ మాత్రం మనుషులు రాసింది. రెండూ ఒకే ఫోల్డర్‌లో ఉంటాయి కాబట్టి ఫోల్డర్ మొత్తానికి గుర్తు పెట్టేస్తే స్కానర్ కూడా కనుమరుగవుతుంది.

అవతలి వ్యక్తిని అడగాలంటే మొహమాటంగా ఉంది, దొంగ అన్నట్టు అనుకుంటారేమో?

మనిషిని వదిలేసి ఫైల్ గురించి అడగండి. ‘అన్నా, 3.8.2తో ఇక్కడ జనరేట్ చేస్తే నాకు ఈ పన్నెండు లైన్లు రావట్లేదు, మీరు వాడిన కమాండ్ ఇస్తారా?’ అంతే. నూటికి తొంభై సార్లు ‘అరె, నా దగ్గర పాత వెర్షన్ ఉందండీ’ అనే జవాబే వస్తుంది. ఇంకా మంచి పద్ధతి: బయటివాళ్ల దగ్గర గ్రామర్ మార్పు మాత్రమే తీసుకుని, జనరేటెడ్ ఫైల్ మీరే చేసి కమిట్ చేయండి. అప్పుడు అడగాల్సిన పనే ఉండదు.

## ఈ గొడవ మళ్లీ రాకుండా

అసలు జనరేటెడ్ పార్సర్‌ని గిట్‌లో పెట్టాలా వద్దా?

రెండు రకాలవాళ్లూ ఉన్నారు. పోస్ట్‌గ్రెస్ గిట్‌లో పెట్టదు, వెర్షన్ 17 నుంచి రిలీజ్ టార్‌బాల్‌లో కూడా తీసేసింది, బిల్డ్ చేసేవాళ్ల దగ్గరే బైసన్, లెక్సర్ రాసిపెట్టే ఫ్లెక్స్ ఉండాలి. సీపైథాన్ పెడుతుంది. ట్రీ-సిట్టర్ గ్రామర్లలో చాలావరకు పెడతారు, ఎడిటర్లు నేరుగా ఆ సీ ఫైల్‌ని తీసుకుని కంపైల్ చేసుకుంటాయని. నా ఓటు: వాడేవాళ్లు మీ టీమ్ దాటి పోకపోతే పెట్టకండి.

టూల్ అప్‌గ్రేడ్, గ్రామర్ మార్పు ఒకే కమిట్‌లో వస్తే?

విడదీయమని వెనక్కి పంపండి, ఇందులో మాత్రం నేను మొండివాడిని. గ్రామర్ కదలకుండా కొత్త టూల్‌తో జనరేట్ చేసింది ఒక కమిట్, తర్వాత గ్రామర్ ఇంకో కమిట్. యాంట్లర్ అయితే రన్‌టైమ్ లైబ్రరీ కూడా జతగా మారాలి. 4.10లో టేబుల్ నిల్వ చేసే ఫార్మాట్ 3 నుంచి 4కి మారింది, పాత టూల్‌తో చేసిన పార్సర్‌ని కొత్త రన్‌టైమ్‌తో నడిపితే డీసీరియలైజ్ చేయలేనని మొదటి క్షణంలోనే చేతులెత్తేస్తుంది.

సీఐలో ఏం పెట్టాలి?

సీఐ అంటే కమిట్ వచ్చినప్పుడల్లా తనంతట తానే నడిచే చెకింగ్. అందులో ఖాయమైన టూల్ వెర్షన్ ఉన్న కంటైనర్‌లో జనరేట్ చేసి, గిట్ డిఫ్ ఖాళీగా లేకపోతే ఫెయిల్ చేయండి. ఐదు లైన్ల స్క్రిప్ట్. సీపైథాన్ సీఐ కూడా ఇలాంటి చెక్ చేస్తుంది.

జనరేటెడ్ ఫైల్లో మెర్జ్ కాన్‌ఫ్లిక్ట్ వచ్చింది, ఏ వైపు ఉంచాలి?

ఏ వైపూ ఉంచకండి. గ్రామర్ ఫైల్లో కాన్‌ఫ్లిక్ట్ ఉంటే అది శ్రద్ధగా పరిష్కరించి, జనరేటెడ్ ఫైల్‌ని డిలీట్ చేసి మళ్లీ పుట్టించండి. ఇద్దరి టేబుల్స్ చెరో సగం అతికించినా కంపైల్ అయ్యే అవకాశం ఉంది, సీ కంపైలర్‌కి అవి వట్టి అంకెలే. కాన్‌ఫ్లిక్ట్ గుర్తులు ఏమీ లేకుండా గిట్ తనంతట తానే కలిపేసినా సరే, మెర్జ్ అయ్యాక ఒకసారి జనరేట్ చేశాకే పుష్ కొట్టండి.